తలా ఒక ముక్క

పసుపుపచ్చ పెట్టె మూత తీయగానే ఇంగ్విల్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పెట్టె నిండా నల్ల స్పాంజి. స్పాంజిలో కెమెరా భాగాలు కూర్చునేందుకు కోసిన ఐదు గుంతలు. ఐదూ ఖాళీ.

ఎగుమతి అనుమతులిచ్చే డైరెక్టరేట్ నుంచి ఫోన్ వచ్చింది కాబట్టి ఆమె యూనివర్సిటీ సెల్లార్‌లోకి దిగింది. "మీ దరఖాస్తులో సెన్సర్ నంబరు సరిగ్గా కనపడటం లేదు, ఒకసారి చూసి చెప్పండి," అన్నారు వాళ్లు. నంబరు చీటీ మూత లోపలివైపు అంటించే ఉంది. దాన్ని ఫొటో తీసింది. సెన్సర్ మాత్రం లేదు.

యూనివర్సిటీ నుంచి విదేశాలకు వెళ్లేవాళ్లు ఏ పరికరం, ఏ ఫైలు, ఏ లాప్‌టాప్ వెంట తీసుకెళ్లవచ్చో, ఏది కూడదో చెప్పడం ఇంగ్విల్ ఉద్యోగం. ఆ ఉద్యోగానికి స్నేహితులు ఎక్కువమంది ఉండరు. ఉన్న కొద్దిమందిలో ఐలిఫ్ ఒకడు. హిమానీనదాల ప్రొఫెసర్. కొండ మీద ఇద్దరి కుటుంబాలకూ కలిపి ఒకటే చెక్క ఇల్లు. ఇరవై ఈస్టర్లు ఒకే పొయ్యి ముందు చలి కాచుకున్నారు.

ఆ కెమెరా ఐలిఫ్‌ది. మంచు కొండ విరిగిపడే క్షణాన్ని వేడి తేడాలను బట్టి పట్టుకుంటుంది. దాని సెన్సర్ సెకనుకు అరవై బొమ్మలు తీస్తుంది. అంత వేగమున్న కన్ను క్షిపణి తలలో కూడా పని చేస్తుంది. అందుకే ప్రభుత్వ అనుమతి లేకుండా అది దేశం దాటకూడదు. అనుమతి ఇంకా రాలేదు. 'ఈసారికి నెమ్మదిగా తీసే మామూలు కెమెరా పట్టుకెళ్లు' అని ఇంగ్విల్ రాతపూర్వకంగానే చెప్పింది. 'సరే సరే' అని జవాబొచ్చింది. నవ్వుతున్న ముఖం బొమ్మతో సహా.

మామూలు కెమెరా అల్మారాలో దుమ్ము పట్టి కూర్చుని ఉంది.

ఆమె మెట్లెక్కుతూనే ఫోన్ చేసింది.

"ఐలిఫ్, కెమెరా ఎక్కడ?"

"నీకూ శుభోదయం. విమానాశ్రయం రైల్లో ఉన్నాం. ఎండ భలే కాస్తోంది. ఈస్టర్‌కి పైకి వెళ్లి పొయ్యిగొట్టం చూడటం మరచిపోకు."

"పెట్టె ఖాళీగా ఉంది."

"ఉండక ఏమవుతుంది? ఆ పెట్టెను సామాన్లలో వేస్తే బస్తా విసిరినట్టు విసిరేస్తారు. అందుకని దుగ్నాద్ చేశాం. తలా ఒక ముక్క. ఉన్నది ఐదుగురం, ముక్కలూ ఐదే. దేవుడు లెక్క చూసి పంపినట్టు లేదూ?"

ఇంగ్విల్ మెట్టు మీదే ఆగిపోయింది. దుగ్నాద్ అంటే అందరూ తలా ఒక చెయ్యి వేసి చేసే పని. ఆ మాటకు ఎదురుండదు. వసంతం రాగానే అపార్ట్‌మెంట్ వాళ్లంతా చీపుర్లు పట్టుకుని కిందికి దిగినా దుగ్నాదే, బడి గోడకు తల్లిదండ్రులంతా రంగు వేసినా దుగ్నాదే. ఎవరూ ఎవరినీ బలవంతం చేయరు. ఎవరూ కాదనరు. రానివాడి పేరు మాత్రం అందరికీ గుర్తుండిపోతుంది.

"నేను వద్దన్నాను కదా?"

"కెమెరా వద్దన్నావు. కెమెరా ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర లెన్సు, ఒకరి దగ్గర బ్యాటరీ, ఒకరి దగ్గర డొల్ల, ఇంకొకరి దగ్గర తీగలు. అన్నీ బటర్ పేపర్లో చుట్టాం, మధ్యాహ్నం రొట్టెల్లా. నువ్వు కంగారు పడకు. మేం దుషాంబే చేరేలోగా నీ అనుమతి వచ్చేస్తుంది."

"సెన్సర్ ఎవరి దగ్గర?"

"మహ్‌నూష్ దగ్గర. చిన్నది కదా. ఆ అమ్మాయి బ్యాగులో చోటుంది. అన్నట్టు అక్కడివాళ్లకు కానుకగా తలా ఒక బ్రౌన్ చీజ్ దిమ్మ కూడా..."

రైలు సొరంగంలో దూరింది. లైను తెగిపోయింది.

ఇంగ్విల్ కోటు కూడా తొడుక్కోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది.

*

మహ్‌నూష్ ఇరాన్‌లోని షిరాజ్ నుంచి వచ్చింది. పామీరు పర్వతాల మంచు మీద ఐలిఫ్ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఆ కొండలకు వెళ్లే దారిలోని దుషాంబేలో మాట్లాడే తాజిక్ భాష, ఆమె ఫార్సీకి చెల్లెలి లాంటిది. అందుకే ఆ గుంపుకు ఆమే నోరు, ఆమే చెవి.

క్రితం వారం ఇంగ్విల్ గదికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"నా రెసిడెన్స్ పర్మిట్ గడువు జూన్‌లో అయిపోతుంది. కొత్తది పరిశీలనలో ఉంది. ఈ ప్రయాణం వల్ల దానికేమైనా అడ్డం వస్తుందా?"

"పద్ధతిగా వెళ్లి పద్ధతిగా వస్తే ఏ అడ్డమూ ఉండదు."

"మా ఊరి అబ్బాయి ఒకడిని ఇలాగే వెనక్కి పంపేశారు. వాడు తప్పేమీ చేయలేదు. చదివే సబ్జెక్టు మంచిది కాదన్నారు."

"నీది మంచు. మంచుకు ఎవరూ అడ్డు చెప్పరు," అంది ఇంగ్విల్. ఆ మాట తన నోటితోనే అంది.

ఇప్పుడు ట్యాక్సీలో కూర్చుని ఆ మాటనే నములుతోంది. ఇరాన్ పాస్‌పోర్టున్న పిల్ల. బ్యాగులో క్షిపణి కన్ను. అదీ బటర్ పేపర్లో చుట్టి, రొట్టెలా దాచి. ఈ మూడు వాక్యాలు ఒక కాగితం మీద పడ్డాయంటే, ఇంక ఆ పిల్ల సంజాయిషీ వినేవాడుండడు. పర్మిట్ పోతుంది, చదువు పోతుంది. చేసిన నాలుగేళ్ల పని ఐలిఫ్ కంప్యూటర్లో మిగిలిపోతుంది, ఆమె మాత్రం మిగలదు.

పైగా బ్రౌన్ చీజ్. విమానాశ్రయంలో పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. ఆ దిమ్మ ఎక్స్‌రే తెర మీద పేలుడు పదార్థంలా కనిపిస్తుంది. అది కనపడితే చాలాసార్లు బ్యాగు తెరిపిస్తారు. ఊరికే పోయే పామును పిలిచి పడగ విప్పమన్నట్టు, ఐలిఫ్ ఐదు బ్యాగుల్లోనూ ఐదు దిమ్మలు సర్దాడు.

మహ్‌నూష్‌కు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. ఐలిఫ్‌ది అసలు మోగడమే లేదు.

సరిహద్దు దాటితేనే ఎగుమతి. దాటకముందే ఆ పొట్లాన్ని తిరిగి చేతిలోకి తీసుకోగలిగితే అది ఒక మతిమరుపు ప్రొఫెసర్ చేసిన తెలివితక్కువ పని, అంతే. తనిఖీ బల్ల దగ్గర బయటపడితే నేరం. తనిఖీ వరుసలోకి వెళ్లాలంటే టికెట్ కావాలి. ఇంగ్విల్ ట్యాక్సీలోనే ఫోన్ తెరిచి, ఆ రోజు బయలుదేరే విమానాల్లో మొదట కనపడినదానికి టికెట్ కొనేసింది. ఏ ఊరికో కూడా సరిగ్గా చూడలేదు.

*

ఆలస్యమైంది.

టికెట్ చూపించే గేటు దాటి ఆమె లోపలికి వచ్చేసరికి ట్రేల వరుసలో ఒక నీలం బ్యాగు పక్క పట్టాల మీదికి మళ్లింది. స్టీలు బల్ల వెనక నిలబడ్డ తనిఖీ కుర్రాడు చేతి తొడుగులు సర్దుకుంటూ, "ఈ బ్యాగు ఎవరిది?" అని అడుగుతున్నాడు.

"నాది," అంది మహ్‌నూష్.

ఐలిఫ్, మిగిలిన ముగ్గురూ అప్పటికే బెల్టులు పెట్టుకుంటూ అవతల నిలబడ్డారు. నిలువెత్తు మనిషి ఐలిఫ్, సాక్సులతో నిలబడి ఇంగ్విల్‌ను చూసి చెయ్యి ఊపాడు, స్కీయింగ్ దారిలో ఎదురైనట్టు.

"చీజ్ ఉందా లోపల?" కుర్రాడు నవ్వాడు.

"ఉంది. ప్రొఫెసర్ గారు ఇచ్చారు."

"అందరూ ఇదే తెస్తారు. కొంతమంది నా పెళ్లికి తెచ్చినట్టు మూడేసి తెస్తారు." దిమ్మను తీసి పక్కన పెట్టాడు. తర్వాత బటర్ పేపర్ పొట్లం తీశాడు. "మరి ఇదేంటి?"

మహ్‌నూష్ నోరు విప్పేలోగా ఐలిఫ్ రెండు అంగల్లో వచ్చేశాడు. మనిషి మంచివాడు. మంచితనంతో ఎంత నాశనం చేయవచ్చో ఇంగ్విల్ అప్పుడు కళ్లారా చూసింది.

"అది మా కెమెరా ముక్క బాబూ. ఆ అమ్మాయి ఒక్కదాని దగ్గరే కాదు, అందరి దగ్గరా ఉన్నాయి. దుగ్నాద్. చూపించండర్రా."

"ఐలిఫ్, ఆగు," అంది ఇంగ్విల్. బెల్టుకు ఈవల నుంచి ఆమె గొంతు అక్కడిదాకా చేరలేదు.

ఒక్కొక్కరూ బ్యాగు తెరిచారు. ఒక్కొక్క పొట్లం వచ్చి స్టీలు బల్ల మీద కూర్చుంది. ఐదు పొట్లాలు, ఐదు ఒకేలా మడిచిన కొసలు. వాటి పక్కన ఐదు చీజ్ దిమ్మలు. బల్ల చూస్తే వనభోజనానికి సిద్ధం చేసినట్టుంది. కుర్రాడి ముఖంలో నవ్వు పోయింది. ఏదో యంత్రాన్ని విప్పి, ముక్కలు చేసి, ఐదు బ్యాగుల్లో దాచి, తిండి కాగితంలో చుట్టి తీసుకెళ్తున్న ఐదుగురు మనుషులు. అతడు రేడియో తీసి కస్టమ్స్ వాళ్లను పిలిచాడు.

*

కస్టమ్స్ అధికారి పేరు యోర్దిస్. యాభై దాటిన మనిషి. మాట పొదుపు. అందరినీ పక్క గదిలోకి నడిపించి, మహ్‌నూష్ పాస్‌పోర్టు తెరిచి, మూసి, తన ముందే పెట్టుకుంది. మిగతావి అడగలేదు.

"మీరెవరు?" అంది ఇంగ్విల్‌ను చూసి.

"యూనివర్సిటీలో ఎగుమతి నియంత్రణ చూసేది నేనే. ఇది దాటకూడదని చెప్పిందీ నేనే."

"చెప్పాక కూడా వచ్చిందన్నమాట." యోర్దిస్ పొట్లాలు విప్పడం మొదలుపెట్టింది. లెన్సు. బ్యాటరీ. డొల్ల. తీగల చుట్ట. ఐదో పొట్లం దగ్గర చెయ్యి ఆపి, "ఇందులో సెన్సర్?" అని అడిగింది.

"అవును," అన్నాడు ఐలిఫ్.

"కాదు," అంది మహ్‌నూష్.

కాగితం విడిపోయింది. లోపల పల్చటి రొట్టె, తెల్ల చీజ్ ముక్క, వాడిపోయిన పుదీనా, నాలుగు వాల్‌నట్లు.

ఐలిఫ్ ఆ రొట్టె వైపు, తన పొలం పక్కవాడి పేరుకు మారిపోయినట్టు చూశాడు.

"నేను నీకిచ్చింది ఏది?"

"ఉదయం యూనివర్సిటీకి వెళ్లాను. ఇంగ్విల్ గదికి తాళం ఉంటే బయట అల్మారాలో పెట్టి వచ్చాను. ఇది నా మధ్యాహ్నం తిండి."

"ఏమిటో తెలిసే మొదట తీసుకున్నావా?" యోర్దిస్ అడిగింది.

"తెలుసు."

"వద్దని చెప్పొచ్చుగా?"

"చెబితే ప్రొఫెసర్ గారు 'పరవాలేదు, నువ్వు మోయక్కర్లేదు' అనేవారు. అని దాన్ని ఇంకొకరి బ్యాగులో పెట్టేవారు. నా దగ్గరుంటేనే అది ఇక్కడే ఆగిపోతుందని తీసుకున్నాను."

యోర్దిస్ అక్కడితో వదలలేదు.

"అంటే అది ఇప్పుడు అల్మారాలో ఉంది. చూపించండి."

ఇంగ్విల్ పక్క గది సహోద్యోగి ఉద్వార్‌కు ఫోన్ కలిపి, అందరూ వినేలా బల్ల మీద పెట్టింది.

"ఉద్వార్, నా గది బయట అల్మారాలో కెమెరా సెన్సర్ ఒకటి ఉంటుంది. తీసుకో."

అడుగుల చప్పుడు. తలుపు. మళ్లీ అడుగులు.

"ఇక్కడేమీ లేదే. నీ తడి చేతితొడుగులు ఉన్నాయి. ఒక గొడుగుంది. అది నాదే, ఎప్పట్నుంచో వెతుకుతున్నాను."

"సరిగ్గా చూడు."

"ఇంగ్విల్, అల్మారా అంటే అల్మారాయే. అందులో ఒక సముద్రం లేదు కదా."

యోర్దిస్ కలం మూత తీసింది. "అయితే అనుమతి లేని సెన్సర్ ఒకటి, చివరగా ఈమె చేతిలో ఉంది. ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు."

మహ్‌నూష్ ఫోన్ వైపు వంగింది. "నేను పెట్టాను," అంది. "పై అరలో పెట్టాను. దేవుడి మీద ఒట్టు."

ఆ గదిలో దేవుడి మీద ఒట్టు ఒక్క కాగితానికి కూడా సాటి రాదు. ఇంగ్విల్‌కు అది తెలుసు. ఆమె కళ్లు బల్ల మీది రొట్టె మీదే ఉన్నాయి. రొట్టె మీద, దాని కింద విప్పిన కాగితం మీద, మడతలు పడ్డ దాని కొసల మీద.

"ఉద్వార్," అంది నెమ్మదిగా, "ఉదయం నువ్వు ఆ అల్మారాలోంచి ఏమైనా తీశావా?"

"నేనేం తీయలేదు. నీ తిండి మరచిపోతే ఫ్రిజ్‌లో పెట్టాను, అంతే. నిన్న సాల్మన్ కంపు కొట్టి అందరూ నా మీద పడ్డారు గుర్తుందా? ఇవాళ ముందే జాగ్రత్త పడ్డాను."

"ఫ్రిజ్ తెరువు."

చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది. ఫోన్లో ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు, కాగితం గలగల, తర్వాత ఉద్వార్ గొంతు: "ఇది రొట్టె కాదు."

ఫొటో వచ్చింది. పెరుగు డబ్బాల మధ్య, అరచేతిలో, గాజు కన్నున్న లోహపు బిళ్ల. ఇంగ్విల్ తన ఫోన్లోని మూత చీటీ ఫొటోను పక్కన పెట్టింది. యోర్దిస్ రెండు నంబర్లనూ అంకె అంకె సరిచూసింది. రెండూ ఒకటే.

ఐలిఫ్ పెద్దగా ఊపిరి వదిలి నవ్వాడు. "చూశారా. దేశం దాటింది ఏమీ లేదు. ఫ్రిజ్ దాకానే వెళ్లింది."

"ఎగుమతి జరగలేదు," అంది యోర్దిస్. "కానీ ఎవరో ఒకరు దానికి పూనుకున్నారు. ఈ నాలుగు ముక్కలూ ఇక్కడ ఉంటాయి. నాకు వాంగ్మూలం కావాలి. బ్యాగు తెరిచినప్పుడు కంప్యూటర్లో ఎక్కిన పేరు ఒక్కటే." పాస్‌పోర్టు మీద వేలితో తట్టింది. "ఈమె ఆగాలి. లేదా ఈ పని చేయమని చెప్పినవాళ్లు ఎవరైనా ఆగి, ఆ మాట నాకు రాసిచ్చినా సరే. అప్పుడు ఈమె వెళ్లవచ్చు."

బయట మైకులో వాళ్లు ఎక్కాల్సిన ఇస్తాంబుల్ విమానం పేరు వినిపించింది. ఆఖరి పిలుపు.

ఐలిఫ్ ఆ చప్పుడు వచ్చిన వైపు చూశాడు. బూట్ల వైపు చూశాడు. "ఇంగ్విల్, అక్కడ జీపులు ఎదురుచూస్తుంటాయి. మంచు కరిగితే దారి మూసుకుపోతుంది. వచ్చాక నేనే వచ్చి అంతా వివరంగా రాసిస్తాను. దీన్ని పెద్ద విషయం చేయొద్దు."

"ఇప్పుడే రాయి. ఒక్క వాక్యం చాలు. 'ఇది నేను చెప్పాను' అని."

"ఒక్క వాక్యంతో పోతుందా? కూర్చోమంటారు, ప్రశ్నలు వేస్తారు, విమానం పోతుంది. మహ్‌నూష్, నీకేం భయం లేదు. నువ్వే కదా దాన్ని ఆపింది. వాళ్లకు నీ మీద మంచి అభిప్రాయమే ఉంటుంది."

"మీకు అక్కడ ఫార్సీ మాట్లాడే మనిషి?" అంది మహ్‌నూష్.

"ఏదోలా చూసుకుంటాం."

ఆమె తల ఊపింది. చేరిన మొదటి రోజున అతనే ఆమెకు చెప్పాడు: నన్ను 'మీరు' అనకు, ఇక్కడ ఆ గౌరవం రాజుగారికొక్కరికే, మనమంతా సమానం. నాలుగేళ్లుగా ఆమెకు అది అలవాటు కాలేదు. ఇప్పుడు నిదానంగా అంది:

"వెళ్లు ఐలిఫ్. విమానం పోతుంది."

అతను వెళ్లాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "పొయ్యిగొట్టం," అన్నాడు ఇంగ్విల్‌తో. మిగిలిన ముగ్గురూ అతని వెనకే, ఎవరి ముఖంలోకీ చూడకుండా నడిచారు. ఒకరు మాత్రం మహ్‌నూష్ భుజం తట్టారు. అది కూడా దుగ్నాద్‌లో ఒక భాగమేనేమో.

*

గదిలో ముగ్గురు మిగిలారు.

యోర్దిస్ కాగితం మహ్‌నూష్ ముందుకు తోసింది. ఇంగ్విల్ దాన్ని తన వైపు లాక్కుంది.

"సాక్షిగా నేను రాయవచ్చా?"

"రాయవచ్చు. కానీ రాశాక మార్చడం ఉండదు. ఇంటికి వెళ్లి నిద్రపోయి లేచాక కూడా."

ఇంగ్విల్‌కు ఆ మాట అర్థమైంది. తను రాయకపోతే యూనివర్సిటీలో ఇది చిన్న సంగతి అయిపోతుంది. సమాచార లోపం, అంటారు పైవాళ్లు. పేర్లు వద్దు, అంటారు. పేర్లు లేని ఆ కాగితం పైవాళ్ల దగ్గర ఉంటుంది. ఒకే ఒక్క పేరున్న కాగితం కస్టమ్స్ దగ్గర ఉంటుంది. పర్మిట్ చూసేవాళ్లు రెండో కాగితమే చదువుతారు.

మొదటి వరుసలో ఐలిఫ్ పూర్తి పేరు రాసింది. తను వద్దన్న సంగతి, అతను సరే అన్న సంగతి, పంపకం చేసింది అతనేనని రైల్లోంచి స్వయంగా చెప్పిన సంగతి, అతని మాటల్లోనే. మహ్‌నూష్ దాన్ని వెనక్కి తెచ్చి పెట్టిన సంగతి. 'నియమం పాటించింది ఈమె ఒక్కతే' అని రాసి, కింద సంతకం చేసింది.

యోర్దిస్ చదివి, ముద్ర వేసి, పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చింది.

"ఇది చాలా?" అడిగింది మహ్‌నూష్.

"నా వరకు చాలు. మిగతా వాళ్ల సంగతి నేను చెప్పలేను."

అబద్ధపు ధైర్యం చెప్పనందుకు ఇంగ్విల్ ఆమెకు మనసులోనే దండం పెట్టుకుంది.

బయటికి వచ్చి పెద్ద అద్దం ముందు బెంచీ మీద కూర్చున్నారు. కొంచెంసేపటికి ఒక విమానం రన్‌వే మీద పరుగెత్తి లేచింది. అది వాళ్లదో కాదో తెలియదు. మహ్‌నూష్ బటర్ పేపర్ విప్పి, రొట్టెను రెండుగా తుంచి, ఒక ముక్క ఇంగ్విల్‌కు ఇచ్చింది.

"జూన్ దాకా ఎదురుచూడాలి," అంది.

"చూద్దాం."

"మంచుకు ఎవరూ అడ్డు చెప్పరన్నారు ఆ రోజు."

"అన్నాను. తెలియక అన్నాను."

పుదీనా ఇంకా వాసన వేస్తోంది.

"మీ కొండ మీద ఇల్లు? ఆయనతో కలిసే కదా?"

ఇంగ్విల్ రన్‌వే వైపే చూస్తోంది. దాని అంచున ఎవరో ఒంటరిగా మంచు తోస్తున్నారు.

"ఈస్టర్‌కి తలుపు దాకా మంచు పేరుకుపోయి ఉంటుంది," అంది. "ఎప్పుడూ ఇద్దరం కలిసి తోసేవాళ్లం."